మీ ఊరి ఒంటరి తేనెటీగలను నమోదు చేయడం ఎలా?

వారానికి రెండు మూడు ఫొటోలైనా నా ఫోన్‌కి వస్తుంటాయి. "అన్నా, ఇది ఏ తేనెటీగ?" అని ఒకరు, "సార్, మా వంగతోటలో నీలం చారలది తిరుగుతోంది, పేరు చెప్పండి" అని ఇంకొకరు. ఫొటోలో ఒక పువ్వు, దాని మీద మసగ్గా ఒక పురుగు. ఎక్కడ తీశారంటే "మా చేన్లోనే" అంటారు, ఎప్పుడంటే "మొన్నామధ్య" అంటారు. వాళ్ళ ఆసక్తి చూస్తే నాకు సంతోషం. ఆ ఫొటోతో ఏమీ చేయలేక పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం బాధ. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. పేరు ఆఖర్న వచ్చేది. చోటు, తేదీ, పువ్వు, గూడు ముందు. ఈ నాలుగూ సరిగ్గా రాసిపెడితే పేరు ఇరవై ఏళ్ళ తర్వాతైనా తేలుతుంది. ఇవి లేకుండా పేరొక్కటే ఉంటే అది తప్పో ఒప్పో చూసుకునే దారి కూడా ఉండదు.

ఒంటరి తేనెటీగకు రాణి లేదు, కూలి ఈగలు లేవు, తేనెపట్టు లేదు. ఒక్కో ఆడ ఈగ తనంతట తానే గూడు చేసుకుని, ఒక్కో గదిలో ఒక పుప్పొడి ముద్ద, దాని మీద ఒక గుడ్డు పెట్టి మూసేసి వెళ్ళిపోతుంది. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉన్నాయి. మన దేశంలో 700కు పైగా ఉన్నాయి. వాటిలో పెరతేనె, పుట్టతేనె, జుంటితేనె ఈగల్లా పట్టు పెట్టేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరివే. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన తుమ్మెద కూడా వీటి బంధువర్గమే. వంగ, టమాట, తంగేడు పువ్వుల్లో పుప్పొడి కేసరం కొనన ఉన్న చిన్న రంధ్రంలోంచి రాలాలి. పువ్వును పట్టుకుని ఒళ్ళు ఝుమ్మని అదిలించి దాన్ని రాల్చుకునే పని తుమ్మెదలకు, నీలిచారల ఈగలకు వచ్చు. పట్టు పెట్టే తేనెటీగలకు రాదు. కాబట్టి ఈ లెక్క రైతుకూ పనికొచ్చేదే.

కావలసినవి

- ఫోన్. దానికి తగిలించే క్లిప్ లెన్స్ ఉంటే మంచిది. మాక్రో కెమెరా ఉన్నవాళ్ళకు చెప్పేదేముంది.
- కీటకాల వల. దోమతెర గుడ్డ, లావాటి తీగ, మీటరు పొడవు వెదురు కర్రతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. సంచి లోతు మూర ఉండాలి, లేకపోతే పడ్డది పడ్డట్టే ఎగిరిపోతుంది.
- మూత ఉన్న పారదర్శకమైన చిన్న సీసాలు, పది పన్నెండు.
- ఐస్ ముక్కలతో చిన్న డబ్బా.
- పదింతలు పెద్దగా చూపే భూతద్దం.
- మిల్లీమీటర్ల స్కేలు, పెన్సిలు, గట్టి అట్ట నోటుబుక్కు.
- తాగేనీళ్ళు, టోపీ, బూట్లు. గట్ల మీద, పొదల దగ్గర వంగి చూసే పని కాబట్టి పాముల సంగతి మరవద్దు.

తేనెటీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం లాంటివి మీకు ఎప్పుడైనా జరిగి ఉంటే వల జోలికి పోకండి. ఫొటోలు, గూళ్ళ నమోదు మీరు చేయండి, పట్టే పని ఇంకొకరికి అప్పగించండి. మిగతావాళ్ళు టెన్షన్ పడనక్కర్లేదు. ఒంటరి ఈగలకు కాపాడుకోవలసిన పట్టు లేదు, వేళ్ళ మధ్య నొక్కితే తప్ప దాదాపు కుట్టవు. మగవాటికి అసలు కొండే ఉండదు.

1. మూడు చోట్లు ఎంచుకోండి

ఒక్క చేను తిరిగి "మా ప్రాంతంలో ఇవి ఉన్నాయి" అనడం కుదరదు. ఒకదానికొకటి పోలిక లేని చోట్లు మూడైనా కావాలి. ఎర్రనేల ఒకటి, నల్లరేగడి ఒకటి, గుట్ట పక్కనో అడవి అంచునో ఒకటి తీసుకోండి. నేలకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే తేనెటీగ జాతుల్లో పదింట ఏడు నేలలోనే గూడు తవ్వుకుంటాయి. రేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అక్కడ చేని నడుమ కాకుండా గట్టున, బండ్ల బాట పక్కన వెతకండి. ఎర్ర చల్కలో అయితే జనం నడిచి నడిచి గట్టిపడిన కాలిబాటే మంచి చోటు.

రైతును అడగకుండా చేన్లో దిగకండి. అడిగినప్పుడే మందు ఎప్పుడు కొట్టారో కూడా కనుక్కోండి. నిన్నో మొన్నో కొట్టి ఉంటే మీ ఆరోగ్యానికీ మంచిది కాదు, లెక్క కూడా తప్పుతుంది. అభయారణ్యంలో, పులుల అభయారణ్యంలో పురుగును పట్టాలంటే అటవీశాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి. జీవవైవిధ్య చట్టం 2002 కింద ఊళ్ళలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉన్నాయి. మీ పంచాయతీలో కమిటీ పనిచేస్తుంటే వాళ్ళకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి, ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో మీ పట్టిక కూడా చేరుతుంది. నమూనాలను విదేశాలకు పంపే ఆలోచన ఉంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా ఒక్క కాలు ముక్క కూడా పంపకండి.

2. కాలం, వేళ చూసుకోండి

ఎండ కాస్తున్న రోజు, ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా మంచి సమయం. మబ్బు పట్టినా, ఈదురుగాలి వీచినా ఆ రోజుకు మానేయండి. ఒక్కో చోటికి పదిహేను రోజులకోసారి వెళ్ళాలి, ఏడాది పొడుగునా.

ఏ కాలంలో ఎక్కడ నిలబడాలో పువ్వులే చెబుతాయి. బతుకమ్మ రోజుల్లో తంగేడు దగ్గర నిలబడండి, తుమ్మెదలు, నీలిచారలవి వస్తాయి. కంది పూతకొచ్చినప్పుడు ఆకుకోత ఈగలు వస్తాయి. నువ్వు చేలు, వెంపలి, జనుము కూడా మంచివే. జిల్లేడు పెద్ద తుమ్మెదలకు. తులసి, తుమ్మి, గడ్డిచామంతి చిన్నవాటికి. గడ్డిచామంతిని కలుపు మొక్కని తీసిపారేయకండి, బియ్యపు గింజంత ఈగలను నేను అక్కడ చూసినంతగా ఇంకెక్కడా చూడలేదు. తొలకరి పడి నేల మెత్తబడ్డాక వారం పది రోజుల్లో నేలలో గూళ్ళ కోసం తప్పకుండా ఒకసారి తిరగండి.

3. కొలిచి నడవండి

వంద మీటర్ల గీత అనుకోండి. దాని వెంట ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడుస్తూ, అటొక మీటరు ఇటొక మీటరు లోపల పువ్వు మీద వాలిన ప్రతి తేనెటీగనూ రాయండి. మూడు చోట్లా ఇదే గీత, ఇదే సమయం. ఒకచోట గంట, ఇంకోచోట పది నిమిషాలు తిరిగితే ఆ రెంటినీ పోల్చడానికి లేదు.

ఎప్పుడూ ఎర్రనేల నుంచే మొదలుపెట్టకండి. వరస మార్చండి. లేకపోతే రేగడి చేనికి మీరు చేరేసరికి ఎప్పుడూ పదకొండు అవుతుంది, అక్కడ ఈగలు తక్కువ ఉన్నాయని అనుకుంటారు.

ఒక్కటీ కనిపించని రోజు ఉంటుంది. ఆ రోజు కూడా తేదీ వేసి సున్నా రాయండి. ఆ సున్నా లేకపోతే మీరు అక్కడికి వెళ్ళలేదో, వెళ్తే ఏమీ కనబడలేదో తర్వాత చూసేవాళ్ళకు తెలియదు.

4. ఒక్కో ఈగకు నాలుగు ఫొటోలు

పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, రెక్క పరుచుకున్నప్పుడు ఒకటి. పువ్వు, ఆకు కలిపి ఐదో ఫొటో తీస్తే మొక్కను గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

ఎగిరే ఈగ వెంట పరుగెత్తితే ఒక్కటీ రాదు. ఒక మంచి పూకొమ్మ చూసుకుని దాని ముందు కూర్చోండి. వచ్చిన ఈగే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

నాలుగు కోణాలూ కుదరకపోతే వలతో పట్టి సీసాలోకి వదిలి, ఆ సీసాను ఐస్ డబ్బాలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. ఐస్ నేరుగా తగలకూడదు, మధ్యన గుడ్డ వేయండి. బయటికి తీస్తే ఈగ మగతగా, కదలకుండా ఉంటుంది. తెల్ల కాగితం మీద, స్కేలు పక్కన పెట్టి గబగబా తీసుకోండి. ఎండ తగలగానే ఒళ్ళు వేడెక్కించుకుని ఎగిరిపోతుంది. పట్టిన చోటే వదలండి.

5. గూళ్ళు వెతకండి

చాలామంది వదిలేసే పని ఇది. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే గూడు దొరికితే ఈగ ఆ ఊరి కాపురస్తురాలని తేలినట్టే. పువ్వు మీద కనిపించింది దారిన పోయేదీ కావచ్చు.

మా పాత ఇంటి వెనక తలుపు తాళం ఒక మధ్యాహ్నం తీయబోతే తాళంచెవి లోపలికి దిగలేదు. చీపురుపుల్లతో పొడవబోయి ఆగాను. చెవి రంధ్రం నిండా తడి ఆరని మట్టి. కాసేపటికి గోధుమరంగు నూగు ఉన్న ఈగ ఒకటి వచ్చింది, దవడల మధ్య కందిగింజంత మట్టి ఉండ. దాన్ని అంచుకు అద్ది, తల ఆడిస్తూ సన్నగా గీపెట్టినట్టు మోత చేస్తూ మెత్తింది. మర్నాడు ఆ పక్కనే ఉన్న ఇంకో తాళంలో గూడు మొదలుపెట్టినప్పుడు పొద్దున్నుంచీ కూర్చుని చూశాను. పొట్ట కింద పసుపు పూసుకున్నట్టు పుప్పొడితో వస్తుంది. ముందు తలతో లోపలికి పోతుంది, తేనె కక్కడానికి. వెనక్కి వచ్చి, గడపలోనే గిరుక్కున తిరిగి, ఈసారి వెనక నుంచి లోపలికి పోయి పొట్ట కింది పుప్పొడిని కాళ్ళతో దులుపుతుంది. ప్రతిసారీ అదే వరస. మెగాకైల్ అనే ప్రజాతిలోది అది (ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు). ఆ రెండు తాళాలూ ఆ ఏడాది వాడలేదు మేము.

మీరు వెతకవలసిన చోట్లు ఇవి: గట్టి నేలలో పెన్సిలు మొనంత రంధ్రం, చుట్టూ రవ్వలాంటి మట్టి కుప్ప, మట్టిగోడలు, గుంత అంచులు, పాత దూలాలు, వాసాలు, కంచె గుంజలు, విరిగిన ఎండు కాడల్లో మెత్తటి బెండు, తాళాలు, స్విచ్‌బోర్డు రంధ్రాలు, గోడకు దించిన మేకు ఊడిన బెజ్జాలు. గులాబీ, కంది, కాగితంపూల ఆకుల అంచున గుండ్రంగా కత్తెరతో కోసినట్టు ముక్క పోయి ఉంటే ఆకుకోత ఈగ దగ్గరలోనే ఉంది. అది తెగులు కాదు, మందు కొట్టకండి.

ప్రతి గూటికీ రంధ్రం వెడల్పు, నేల నుంచి ఎత్తు, ఏ దిక్కుకు చూస్తోంది, ఏ పదార్థంతో మూసింది, ఇవన్నీ రాయండి.

వెతకడానికి వీలుకాకపోతే వెదురు గూళ్ళు కట్టండి. లోపలి బెజ్జం నాలుగు నుంచి పన్నెండు మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉన్న వెదురు ముక్కలు, జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, ఒకవైపు కణుపు మూసి ఉండాలి. ఇరవై ముక్కలు కట్టగట్టి, వాన పడని చూరు కింద, గుండె ఎత్తులో, తూర్పుకు తిప్పి వేలాడదీయండి. వేలాడదీసే తీగకు గ్రీజు రాయడం మరిచిపోతే చీమలు మొత్తం ఊడ్చేస్తాయి. వారానికోసారి చూడండి. ఆకు ముక్కలతో మూస్తే ఆకుకోత ఈగ, అదీ మెగాకైలే. బంకతో మూస్తే ఆ ప్రజాతిలోనే బంక వాడే రకం. మట్టితో మూస్తే ఈగైనా కావచ్చు, కందిరీగైనా కావచ్చు. కందిరీగ గూడైతే లోపల పుప్పొడి ఉండదు, సాలీళ్ళు గానీ గొంగళిపురుగులు గానీ ఉంటాయి. మూసిన ముక్కను దోమతెర సంచిలో పెట్టి నీడన ఉంచితే పిల్ల ఈగలు బయటికి వచ్చినప్పుడు దొరుకుతాయి. కొన్ని కొద్ది వారాల్లో వస్తాయి, కొన్నిటికి నెలలు పడుతుంది. ముందు మగవి వస్తాయి, తల్లి వాటి గుడ్లను వాకిలి వైపు పెడుతుంది కాబట్టి. పేరు తేలాక వాటిని వదిలేయండి.

6. రంగు గిన్నెలు, అవసరమైతేనే

నీలం, పసుపు, తెలుపు గిన్నెల్లో సబ్బునీళ్ళు పోసి నేల మీద పెడితే పువ్వులనుకుని ఈగలు పడతాయి. ఒక్కో రంగువి ఐదేసి గిన్నెలు, పది అడుగుల దూరానికి ఒకటి చొప్పున, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. నడకలో కంటికి ఆనని చిన్నవి దీనిలో దొరుకుతాయి. కానీ పడ్డ ప్రతిదీ చస్తుంది, మనకు అక్కర్లేనివి కూడా. ఏ పువ్వు మీద వాలేదో తెలియదు. తుమ్మెదల్లాంటి పెద్దవి సరిగా పడవు. అందుకని ఏడాదికి రెండు మూడుసార్లకు మించి వద్దు, అదీ నమూనాలు తీసుకుని పేరు తేల్చే నిపుణులు ఎవరైనా ఉంటేనే. మే నెల ఎండకు మధ్యాహ్నానికే నీళ్ళు ఆవిరైపోతాయి. మేకలు, కుక్కలు వచ్చి తాగుతాయి, కాపలా ఉండాలి. వల లెక్కను, గిన్నెల లెక్కను ఎప్పుడూ కలపకండి.

7. నమూనా తీసుకోవాల్సి వస్తే

ఫొటోతో ప్రజాతి దాకా వెళ్ళగలం. లాసియోగ్లోసమ్ లాంటి బుల్లి ఈగల్లో జాతి తేలాలంటే మైక్రోస్కోపు కింద చూడక తప్పదు. ఒక్కో రకానికి ఒకటి రెండు చాలు. గూటిలోకి పుప్పొడి మోస్తున్న ఆడదాన్ని పట్టకండి, వెనక పిల్లలు ఆగిపోతాయి.

సీసాతో సహా ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టడం అందరికీ వీలైన పద్ధతి. కాలేజీ ల్యాబుల్లో ఈథైల్ ఎసిటేట్ అనే రసాయనం వాడతారు. దాన్ని మూసిన గదిలో తెరవకండి, మంటకు దూరంగా ఉంచండి. ఆ తర్వాత కీటకాల సూదిని ఛాతీ నడిమధ్య కాకుండా కొంచెం కుడిపక్కకు గుచ్చాలి. నడుమ గీతలు, నూగు చెడకూడదు. తడిసి నూగు అంటుకుపోయిన ఈగను సబ్బునీళ్ళలో కడిగి, స్పిరిటులో ముంచి, కాగితం మీద ఆరబెడితే నూగు మళ్ళీ లేస్తుంది. డీఎన్ఏ పరీక్షకు ఇవ్వాలనుకుంటే ఒకదాన్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచండి.

లేబుల్ పెన్సిలుతో రాయండి. తొలి ఏడాది నేను బాల్‌పెన్నుతో రాసి ఆల్కహాల్ సీసాల్లో వేశాను. నెల తిరిగేసరికి నలభై చీటీలు తెల్లగా ఉన్నాయి, ఆల్కహాల్ మాత్రం లేత నీలంగా ఉంది. నలభై ఈగలూ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు.

లేబుల్ ఇలా ఉండాలి: "తెలంగాణ, నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గర, ఎర్రనేల కంది చేను, 16.7012 ఉత్తరం, 78.9135 తూర్పు, 12 నవంబరు 2023, కంది పువ్వు మీద, వలతో, పట్టినవారి పేరు." నెలను అంకెతో కాక మాటతో రాయండి. 5-6 అని రాస్తే జూన్ అయిదో, మే ఆరో ఎవరికీ తెలియదు. పెట్టెలో నాఫ్తలిన్ ఉండలు వేసి గట్టిగా మూయండి.

8. వర్గం తేల్చండి

ఇక్కడే అందరూ తొందరపడేది. వరసగా అడుగుతూ వెళ్ళండి. జవాబు దొరకని చోట ఆగిపోండి.

ముందు రెక్కలు. రెండే ఉండి, మీసాలు పొట్టిగా, కళ్ళు ముఖమంతా ఆక్రమించి ఉంటే అది మామూలు ఈగ జాతి, తేనెటీగ వేషంలో ఉంది. తేనెటీగకు నాలుగు రెక్కలు. కందిరీగకూ నాలుగే, కానీ దాని ఒంటి మీద నూగు తక్కువ, పుప్పొడి మోసే ఏర్పాటు ఉండదు.

తర్వాత ఆడా మగా. భూతద్దంతో మీసం ముక్కలు లెక్కపెట్టండి. ఆడదానికి 12, మగదానికి 13.

ఆడదైతే పుప్పొడి ఎక్కడ మోస్తోంది? పొట్ట కింద అయితే మెగాకైలిడే కుటుంబం. వెనక కాళ్ళ నూగులో అయితే మిగతా కుటుంబాల్లో ఏదో ఒకటి. వెనక కాలి మీద నున్నటి గిన్నెలాంటి పల్లం ఉండి అందులో తడి ముద్దగా ఉంటే అది పట్టు పెట్టేది, లేదా కొండిలేని చిన్న తేనెటీగ. మీ ఒంటరి ఈగల పట్టికలో దాన్ని కలపకండి. ఎక్కడా ఏమీ లేకపోతే పుప్పొడిని పొట్టలోనే మోసే హైలియస్ కావచ్చు, లేదా పరాయి గూట్లో గుడ్డు పెట్టే కోకిల ఈగ కావచ్చు.

ఇక ముందు రెక్క. అంచు దగ్గర ఈనెల మధ్య వరసగా ఉన్న గదులు రెండా మూడా? మెగాకైల్‌కు రెండు. తుమ్మెదకు, నీలిచారలదానికి మూడు. రెక్క మధ్యలో ఒక ఈనె విల్లులా బాగా వంగి ఉంటే హాలిక్టిడే కుటుంబం.

మొత్తం ఏడు కుటుంబాలు. ఒకటి ఆస్ట్రేలియాలో తప్ప ఇంకెక్కడా లేదు. మన మైదానాల్లో మీకు పదే పదే తగిలేవి మూడే: ఏపిడే, మెగాకైలిడే, హాలిక్టిడే. మొదట పట్టుకోవలసిన ప్రజాతులు ఇవి.

- జైలోకోపా: తుమ్మెద. పెద్దది, పొట్ట పైభాగం నున్నగా మెరుస్తుంది. కొన్ని జాతుల్లో ఆడది నలుపు, మగది పూర్తిగా పసుపు.
- అమెజిల్లా: నీలం లేదా తెల్ల చారలు, పెద్ద కళ్ళు, ఒకచోట నిలవకుండా గాల్లో వేలాడుతూ తిరుగుతుంది. మట్టిగోడల్లో గూడు. పొద్దు వాలాక మగవి ఒక ఎండుపుల్లను దవడలతో కరిచిపట్టుకుని వరసగా నిద్రపోతాయి, అప్పుడు ఫొటో చాలా సులువు.
- మెగాకైల్: పెద్ద తల, బలమైన దవడలు, పువ్వు మీద పొట్ట పైకెత్తి కూర్చుంటుంది.
- సెరటినా: చిన్నది, నూగు లేనట్టే ఉంటుంది, చాలావాటికి ఆకుపచ్చ లోహపు మెరుపు, ముఖం మీద పసుపు మచ్చలు.
- నోమియా, దాని దగ్గరి చుట్టాలు: పొట్ట మీద ముత్యపు చిప్పలా మెరిసే పట్టీలు.
- హాలిక్టస్, లాసియోగ్లోసమ్: బుల్లివి. వంగిన ఈనె చూడకుండా పేరు పెట్టవద్దు.
- థైరియస్: నల్లటి ఒంటి మీద నీలం చుక్కలు. అమెజిల్లా గూట్లో గుడ్డు పెడుతుంది.
- కోయిలియోక్సిస్: ఆడదాని పొట్ట కొన సూదిగా ఉంటుంది. మెగాకైల్ గూళ్ళకు వస్తుంది.

ఈ చివరి రెండూ కనిపిస్తే సంబరపడండి. అవి ఉన్నాయంటే వాటికి గూడిచ్చే ఈగలు అక్కడ తగినన్ని ఉన్నట్టు.

"మెగాకైల్, జాతి తెలియదు, 1వ రకం" అని రాయడం నామోషీ కాదు. అదే నిజాయితీ అయిన నమోదు. నీలిచారలు కనిపించగానే అమెజిల్లా జొనాటా అని రాసేయడం అలవాటైపోయింది. ఆ పోలికతో ఉన్న జాతులు చాలా ఉన్నాయి, ఫొటో చూసి తేల్చలేం.

9. ఎవరికి చూపించాలి

ఐనాచురలిస్ట్ యాప్‌లో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టండి. నలుగురి కంట పడతాయి. యాప్ చెప్పిన పేరును మాత్రం సలహాగానే తీసుకోండి. మన తుమ్మెదను అది బంబుల్‌బీ అనొచ్చు. మన దేశంలో బంబుల్‌బీలు హిమాలయాల వైపు చలి కొండల్లో ఉండేవి, మన మైదానాల్లో లేవు.

నమూనాలకైతే మీ దగ్గరి వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటకశాస్త్ర విభాగం, హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రం, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉన్నాయి. పెట్టె పట్టుకుని వెళ్ళే ముందు ఉత్తరం రాయండి. ఎన్ని నమూనాలు, ఎక్కడివి, ఏం కావాలి అన్నది నాలుగు వాక్యాల్లో చెబితే చాలు.

ఎక్కువగా జరిగే తప్పులు

మగదాన్నీ ఆడదాన్నీ రెండు జాతులుగా లెక్కేయడం అన్నిటికంటే మామూలు తప్పు. తుమ్మెదల్లో ఇది మరీ ఎక్కువ. పట్టికలో ఆడా మగా అనే గడి లేకపోతే ఇప్పుడే చేర్చండి.

ముసలి ఈగను కొత్త జాతి అనుకోవడం రెండోది. నెల రోజులు ఎండలో తిరిగితే నూగు రాలి, రంగు వెలిసి, రెక్కల అంచులు చినిగి ఉంటాయి. రెక్క చినిగిందా లేదా అన్నది కూడా రాసుకోండి.

చోటు పేరు ఊరికే "కర్నూలు" అని రాస్తే పట్టణమో జిల్లానో తెలియదు. ఊరు, చేను, నేల రంగు దాకా రావాలి. ఇక పువ్వు పేరు మీ ఊరి మాటలోనే రాయండి, కానీ ఆ మొక్క ఫొటో తోడుగా ఉంచండి. ఒకే మొక్కకు రాయలసీమలో ఒక పేరు, ఉత్తరాంధ్రలో ఇంకో పేరు ఉంటుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

మ్యాపు మీద మీ చుక్కలన్నీ పెట్టి చూడండి. మన రెండు రాష్ట్రాల్లో అక్షాంశం సుమారు 12.6 నుంచి 19.9 లోపు, రేఖాంశం 76.7 నుంచి 84.8 లోపు ఉంటుంది. అక్షాంశం గడిలో 78 కనిపిస్తే రెండూ తారుమారయ్యాయి. చుక్క సముద్రంలోనో చెరువు నడుమో పడితే అంకె తప్పింది.

ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని, మీరు పెట్టిన పేరు కనబడకుండా, ఇంకొకరికి ఇచ్చి తేల్చమనండి. ఇద్దరికీ తేడా వచ్చిన ప్రజాతులన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి చూడండి.

ప్రతి నడకలో కొత్తగా చేరిన రకాలెన్నో ఒక గడిలో రాస్తూ పోండి. మొదట్లో ఐదు, నాలుగు, మూడు అని వస్తాయి. ఏడాది చివర వరసగా మూడు నాలుగు నడకల్లో కొత్తది రాకపోతే ఆ చోటు చాలావరకు చూసినట్టే. ఇంకా వస్తూనే ఉంటే మీ జాబితా సగంలో ఉందని అర్థం, ఇతర చోట్లతో అప్పుడే పోల్చవద్దు. ఒక్కసారే ఒక్కటే కనిపించిన రకాలు జాబితాలో సగానికి సగం ఉన్నా అంతే.

నిపుణుల దగ్గరి నుంచి పేరు మారి వస్తే పాత లేబుల్ తీసేయకండి, కొట్టేయకండి. కొత్త పేరు, తేల్చినవారు, సంవత్సరం రాసిన ఇంకో చీటీని అదే సూదికి కింద గుచ్చండి. 1897లో బింగ్‌హమ్ అనే పరిశోధకుడు మన దేశపు తేనెటీగలకు రాసిన పేర్లలో చాలావాటిని తర్వాతివాళ్ళు మార్చారు. ఆయన చూసిన పాత నమూనాలు, వాటి చీటీలు మిగిలి ఉండబట్టే వాటిని మార్చగలిగారు.